పోతనామాత్యుని జీవితము – అపరిగ్రహ స్వరూపము

ఓరుగంటి సీమలో బమ్మెర యను గ్రామము కలదు. ఇది పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణము తరువాత జనగామ జిల్లాలో పాలకుర్తి మండలమునకు చెందినది. బసవపురాణకర్త యగు పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు, ఆంధ్రమహాభాగవతకర్త యగు పోతనామాత్యుని బమ్మెరయు పొరుగు గ్రామము లగుట ఈ సీమకు గల విశేషము. పోతన దున్నిన పొలమని, పోతన నీరు తోడిన బావియని, పోతన సమాధియని బమ్మెర గ్రామస్థులు కొన్ని స్థలములను చూపుచుందురు. ఒక మహాకవి స్మృతి చేనుగట్టున నిలిచియుండుట ఆంధ్ర సాహిత్య చరిత్రలో అరుదైన విషయము.

పోతన యనగానే లోకమునకు స్ఫురించునది ఆయన పేదరికము. కట్ట బట్టలేక, తిన తిండిలేక, రాజులను ద్వేషించుచు, భగవన్నామ స్మరణతో కాలము గడిపిన పరమభాగవతుడని హరికథలు, నాటకములు, చలనచిత్రములు ఆయనను చిత్రించినవి. ఈ చిత్రము భక్తులకు ప్రీతికరమే. కాని భాగవతావతారికను, ధర్మశాస్త్రములను ముందిడుకొని పరిశీలించినచో దీనిలో కొంత సవరణ అవసర మగుచున్నది. పోతన ధనమును నిందించిన విరాగియా? లేక తన సంసారయాత్రకు ఎంత కావలయునో ఎరిగి, అంతకు మించినదానిని త్రోసిపుచ్చిన గృహస్థుడా? ఈ రెండింటికిని భేదము చాల గలదు. మొదటివాడు పూజ్యుడే గాని అనుకరణీయుడు కాడు. రెండవవాడు ప్రతి గృహస్థునకును ఆదర్శము కాదగినవాడు.

వంశము – గృహస్థితి

పోతన తన వంశమును భాగవతావతారికలో స్వయముగా వర్ణించెను. కౌండిన్యగోత్రుడు, ఆపస్తంబసూత్రుడు నగు భీమన మంత్రి మూలపురుషుడు. ఆయన కుమారుడు అన్నయ, అన్నయ కుమారుడు సోమన, సోమన కుమారుడు ఎల్లన, ఎల్లన కుమారుడు కేసన. కేసనకు లక్కమాంబయందు కలిగిన కుమారు లిరువురు. పెద్దవాడు తిప్పన, చిన్నవాడు పోతన. తండ్రి శైవశాస్త్రమతము నెరిగినవాడు, అన్న ఈశ్వరసేవాతత్పరుడు. ఇంటిపేరగు బమ్మెర గ్రామనామమే. మంత్రి, అమాత్య శబ్దములు నియోగి కుటుంబములలో పేర్లకు చేర్చుట ఆనాటి వాడుక. వానినిబట్టి పోతన రాజోద్యోగి యని నిర్ణయించుటకు వీలులేదు.

ఈ వంశవర్ణనములో సాధారణముగా ఎవ్వరును గమనింపని అంశ మొకటి కలదు. తండ్రిని దానశీలునిగా పోతన పేర్కొనెను. తల్లి పతివ్రతాధర్మమును వర్ణించుచు దానమును, దయను ఆమె ఎన్నడును విడువ లేదని చెప్పెను. దానము చేయు ఇంటిలో దానము చేయుటకు కొంత ఉండవలెను. కావున బమ్మెరవారి ఇల్లు నిరుపేద ఇల్లు కాదు. తాము తిని, అతిథికి పెట్టి, అర్థికి ఇంత ఇచ్చుకొనగల మధ్యతరగతి వ్యవసాయదారుల ఇల్లు. అట్టి ఇంట పెరిగినవానికి లేమి భయమును తెలియదు, కలిమి మదమును తెలియదు. పోతన తరువాతి నిర్ణయమునకు ఈ గృహసంస్కారము మొదటి కారణ మనుట సమంజసము.

గురుకులములో క్రమముగా చదివిన వివరము లేవియు లభించుట లేదు. స్కంధాంత గద్యములలో తన్ను సహజపాండిత్యునిగా ఆయన చెప్పుకొనెను. దీనినిబట్టి ఆయన శాస్త్రాధ్యయనము చేయలేదని కొందరు భావింతురు. కాని వ్యాసభాగవతమును, శ్రీధరస్వామి వ్యాఖ్యానచ్ఛాయలను అంత నేర్పుతో తెనుగించినవానికి సంస్కృతమున గట్టి ప్రవేశము లేదనుట పొసగదు. సహజ శబ్దము ఈశ్వరానుగ్రహలబ్ధమగు ప్రతిభను తెలుపును గాని, పఠనాభావమును తెలుపదు.

కాలము – దేశస్థితి

పోతన 15వ శతాబ్దివాడు. జనన మరణ సంవత్సరముల విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఆయన నాటికి ఓరుగల్లు వైభవము గతించినది. 1323లో కాకతీయ సామ్రాజ్యము పతనమైనది. అటుపిమ్మట ముసునూరి నాయకులు, వారి తరువాత రేచర్ల వెలమప్రభువులు ఈ సీమ నేలిరి. 1425 ప్రాంతమున ఓరుగల్లు బహమనీ సుల్తానుల వశమైనది. ఒక్క పురుషాయుషములోనే ప్రభువులు మారుచుండిన కాలమది. నేడు అగ్రహారమిచ్చిన రాజు రేపు తానే రాజ్యహీనుడగు స్థితి. రాజదత్తమగు సంపద ఎంత అస్థిరమో పుస్తకములు చదివి తెలిసికొనవలసిన పని ఆ కాలపు ఓరుగంటివారికి లేదు, కన్నులారా చూచుచుండిరి.

తొలి రచనలు

పోతన తొలిదశలో వీరభద్రవిజయమను నాలుగాశ్వాసముల ప్రబంధమును రచించెను. ఇది దక్షయజ్ఞ ధ్వంసకథ. ఇవటూరి సోమనారాధ్యుడను గురువు ప్రేరణచే వ్రాయబడినది. శైవగృహమున పుట్టి, శైవగురువు నాశ్రయించి, శివకథతో ఆరంభించిన కవి పిమ్మట విష్ణుకథను తెనుగించినను శివభక్తిని విడువ లేదు. హరిహరుల కభేదమును పాటించిన స్మార్తసంప్రదాయము ఆయనది.

భోగినీదండకము పోతన జీవితమున చిక్కుప్రశ్న. సర్వజ్ఞ సింగభూపాలుని వలచిన యొక వేశ్యాకన్యక వృత్తాంతము దీనిలోని వస్తువు. భాగవతమును రాజున కంకితమీయనన్న కవి ఈ దండకమును ఎట్లు వ్రాసెనని కొందరు విమర్శకులు దీనిని పోతనకృతిగా అంగీకరింపరు. మరికొందరు ఇది యౌవనకాలపు రచన యని సమాధానము చెప్పుదురు. రేచర్ల వంశమున సింగభూపాల నామము గలవారు ఒకరికి మించి యుండుటచే కాలనిర్ణయమును క్లిష్టమైనది. ఒకవేళ దండకము పోతనదే యైనను ఆయన చరిత్రకు లోపము లేదు. రాజాశ్రయపు రుచి ఎరుగనివాడు దానిని తిరస్కరించుట కంటె, ఎరిగినవాడు తిరస్కరించుట గొప్పది.

భాగవతారంభము – ఏకశిలానగరము

భాగవతరచనకు గల ప్రేరణను పోతనయే చెప్పెను. ఒక పున్నమినాటి రాత్రి చంద్రగ్రహణము సంభవింపగా, సజ్జనుల అనుమతితో గంగాస్నానమునకు పోయి, స్నానానంతరము ఇసుకతిన్నెపై కూర్చుండి మహేశ్వరధ్యానము చేయుచుండగా శ్రీరామచంద్రుడు సాక్షాత్కరించి, భాగవతమును తెనుగు చేయుమని ఆనతిచ్చి అంతర్ధాన మయ్యెనట. పోతన మేల్కాంచి, ఏకశిలానగరమునకు వచ్చి, గురువృద్ధబుధుల అనుమతి గైకొని రచన కుపక్రమించెను. శివుని ధ్యానింపగా రాముడు కనబడుట, కృష్ణకథను వ్రాయుమనుట ఆయన అద్వైతదృష్టికి తగినట్లున్నది.

ఈ ఏకశిలానగరము ఏది యను వివాదము చాలకాలము సాగినది. కడప జిల్లాలోని ఒంటిమిట్టయే ఏకశిలానగర మని, అచటి కోదండరామాలయముతో పోతనకు సంబంధము గలదని ఒక పక్షము. ఏకశిలానగరము ఓరుగంటికి ప్రసిద్ధ సంస్కృతనామ మనియు, బమ్మెర గ్రామము దానికి చేరువలోనే యున్నదనియు, రేచర్ల ప్రభువుల ప్రసక్తి ఈ సీమకే చెల్లుననియు రెండవ పక్షము. ఇంటిపేరు, గ్రామము, రాజవంశము అను మూడును ఒక్కచోట కలియుట రెండవ పక్షమునకు గల బలము. ఓరుగంటి సీమయందలి మడికొండలో జన్మించినవారు, అభినవపోతన బిరుదాంకితులు నగు వానమామలై వరదాచార్యులు (1912–1984) పోతన చరిత్రము నొక మహాకావ్యముగా సంతరించుట ఈ సీమవారికి పోతనయం దుండిన ఆత్మీయతకు నిదర్శనము.

కృతిసమర్పణము

ఆనాడు కావ్యరచన యనగా కృతిభర్త నన్వేషించుటయే. కృతిభర్త కవికి అగ్రహారములు, ఏనుగులు, పల్లకులు, పట్టుబట్టలు, కర్పూర తాంబూలము లిచ్చును. కవి కృత్యాదిని, ఆశ్వాసాద్యంతములను ఆయన వంశప్రశస్తితో నింపును. ఇది అందరును అంగీకరించిన వ్యవస్థ. దీనిలో తప్పున్నదని ఎవ్వరును తలపరైరి. అట్టి కాలమున పోతన తన భాగవతమును శ్రీహరికి సమర్పించెను. అధములగు రాజులకు కృతినిచ్చి, పురములను, వాహనములను, ధనమును పుచ్చుకొని, సుఖించి, దేహము వార్ధక్యమున శిథిలమైన పిమ్మట యముని సమ్మెటపోటులకు గురి కాదలపక, లోకహితమునకై హరికే ఇచ్చితినని ఆయన ప్రతిజ్ఞాభావము.

ఈ సమర్పణములో మూడు వస్తువులు పేర్కొనబడుట గమనింపదగినది. పురము, వాహనము, ధనము. వీనిలో అన్నము లేదు, వస్త్రము లేదు, ఇల్లు లేదు. రాజిచ్చునది అవసరమగు వస్తువు కాదు. అవసరమగు వస్తువు కవియింట ముందే యున్నది. రాజు కొనదలచినది కవికి మిగులుగా వచ్చు భోగమును చూపి, కవికి గల ఒక్క స్వాతంత్ర్యమును. ఈ వినిమయమును పోతన లెక్కగట్టి చూచి, నష్టమని తేల్చెను. ఇది భావావేశము కాదు, వివేకము.

యమబాధను ప్రస్తావించుట కేవలము కవిసమయ మనుకొనరాదు. మనుస్మృతి చతుర్థాధ్యాయమున రాజప్రతిగ్రహ నిషేధము కలదు. శాస్త్రమర్యాదను దాటిన లుబ్ధుడగు రాజునుండి దానము గొన్న విప్రుడు క్రమముగా 21 నరకములను పొందునని అచట చెప్పబడినది. స్మృతి ఎరిగిన గృహస్థునకు ఆ ఎచ్చరిక ప్రత్యక్షమైన ధర్మశాసనము. పోతన వాక్యమున కిది మూలమనుట అసంగతము కాదు.

కృషి – ధర్మశాస్త్ర దృష్టి

పోతన స్వయముగా సేద్యము చేసెనని సంప్రదాయము ఏకకంఠముగా చెప్పుచున్నది. సత్కవులు హాలికులైన నేమి యను భావము గల చాటుపద్య మొకటి ఆయన పేర వాడుకలో నున్నది. దాని కర్తృత్వము సందిగ్ధమే యైనను, అది ఆయనకే అంటుకొనియుండుట లోకాభిప్రాయమును తెలుపుచున్నది.

ఇచట శాస్త్రవిచారము కొంత అవసరము. బ్రాహ్మణునకు కృషి యాపద్ధర్మముగా కూడ మంచిది కాదని మనువు దశమాధ్యాయమున చెప్పెను. ఇనుపకొన గల నాగలి భూమిని, భూమియందలి ప్రాణులను హింసించు నని హేతువు చూపెను. పరాశరుడు కలియుగధర్మములను చెప్పుచు షట్కర్మనిరతుడగు విప్రుడు కృషి చేయవచ్చునని అనుమతించెను. 14వ శతాబ్దిలో విజయనగరమున మాధవాచార్యులు ఈ స్మృతికి విపులమగు వ్యాఖ్యానము రచించుటచే, పోతన కాలమునకు ఈ యనుమతి దక్షిణదేశమున సుప్రసిద్ధమై యుండెను. పరాశరుడు దీనికి నియమములను విధించెను. 8 ఎద్దులతో దున్నుట ధర్మ్యము, 6 ఎద్దులతో మధ్యమము, 4 ఎద్దులతో క్రూరము, 2 ఎద్దులతో వృషభహత్యతో సమానము. ఆకలిగొన్న ఎద్దును, అలసిన ఎద్దును కట్టరాదు. పండినదానిలో ఆరవపాలు రాజునకు, ఇరువదియొకటవ పాలు దేవతలకు, ముప్పదవ పాలు విప్రులకు ఈయవలెను.

ఈ లెక్కలో ఒక ధర్మసూక్ష్మ మున్నది. రాజునకు చెల్లవలసినది ధాన్యమున ఆరవపాలు. అది చెల్లించిన కర్షకుడు రాజునకు ఋణపడడు. కవిత్వమున రాజునకు పాలు లేదు. శాస్త్రదృష్టిలో నాగలికంటె రాజాస్థానపు గౌరవమే ఎక్కువవలె లోకమునకు కనబడినను, పోతన నిందితప్రాయమగు కృషినే గ్రహించి, గౌరవపాత్రమగు రాజప్రతిగ్రహమును విడిచెను. ఈ రెండింటిలో ఏది హింస యను ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానము.

గృహస్థుని సంగ్రహమునకు మనువు ఒక మేరను నిర్దేశించెను. శరీరయాత్ర జరుగుటకు మాత్రము, అనిందితమగు స్వకర్మచే, దేహమునకు అధికక్లేశము లేకుండ ధనసంచయము చేయవలెను. అట్టి గృహస్థులు నలుగురు: గాదె నిండ ధాన్యము గల కుసూలధాన్యుడు, కుండ నిండ గల కుంభీధాన్యుడు, మూడు దినములకు సరిపడు ధాన్యము గల త్ర్యహైహికుడు, రేపటికి ఏమియు నుంచుకొనని అశ్వస్తనికుడు. మొదటి రెండింటి పరిమాణమును గూర్చి వ్యాఖ్యాతలలో భేద మున్నది. వీరిలో తరువాతివారు ముందువారికంటె శ్రేష్ఠులని చెప్పబడినను, మొదటివాడును ధర్మమార్గమునుండి తొలగినవాడు కాడు. కుటుంబము, అతిథులు, పశువులు గల కర్షకునకు గాదె అవసరము. గాదె నిండిన పిమ్మట మరియొక గాదె కావలెనను కోరిక యెచట పుట్టునో అచట తృష్ణ ఆరంభమగును. కేసన మంత్రి కుమారుడు ఈ మేర నెరిగినవాడు.

శ్రీనాథుడు – జనశ్రుతులు

పోతన కథలో శ్రీనాథుని ప్రసక్తి తప్పదు. ఇరువురును బావమరదు లని, శ్రీనాథుడు పల్లకిలో బమ్మెరకు వచ్చి పోతనను రాజాశ్రయమునకు ప్రేరేపించె నని, పొలమున నాగలి పట్టిన మేనల్లుడు మల్లన పల్లకిని చూచి ఎద్దులను విప్పివేయగా అరక గాలిలో నడచె నని, సరస్వతి కన్నీరు పెట్టుకొనగా పోతన ఆమెను అమ్మనని ఊరడించె నని కథలు ప్రచారములో నున్నవి. బంధుత్వమునకు గట్టి యాధారము లేదు. ఇరువురి కాలములను సమన్వయించుటయు కష్టమే. అయినను లోకము ఈ ఇరువురిని ఎందులకు జతగూర్చెనో యోచింపదగినది.

శ్రీనాథుడు మహావిద్వాంసుడు. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానమున విద్యాధికారి. ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును గెలిచి కనకాభిషేకము పొందినవాడు. కొండవీటి రాజ్యము 1424లో అస్తమించిన పిమ్మట ఆయన భోగములును అస్తమించినవి. వృద్ధాప్యమున కృష్ణాతీరమున బొడ్డుపల్లె గ్రామమును గుత్తకు తీసికొనగా, వరదలకు పంట పోయి, పన్ను చెల్లింపలేక దండన పొందెనని చాటుసంప్రదాయము. ఇరువురును చివరకు భూమినే ఆశ్రయించిరి. ఒకరు తన అవసరమునకు దున్నుకొనిరి. ఒకరు వెనుకటి భోగమును నిలుపుకొనుటకు గుత్త పట్టిరి. దీనినిబట్టి శ్రీనాథుని తక్కువ చేయుట తగదు. ఆయన కవిత్వము ఆంధ్రభాషకు అలంకారము. రాజులిచ్చిన సంపద రాజులతోడనే పోవు నను సత్యము మాత్రము ఆయన చరిత్రలో స్పష్టము.

భాగవతమున అర్థవిచారము

పోతన జీవితమునకును, ఆయన తెనిగించిన కథలకును గల పొందిక విశేషమైనది. ద్వితీయస్కంధమున శుకయోగి ఉపదేశము కలదు. శయనించుటకు భూమి యుండగా దూదిపరుపులు, భుజించుటకు దోసి లుండగా పాత్రలు, కట్టుటకు నారబట్ట లుండగా పట్టువలువలు, వసించుటకు గుహ లుండగా మేడలు ఏలయని, ధనమదాంధులను కొలువవలసిన పని తాపసులకు లేదని శుకుడు చెప్పును. ఇది తాపసులకు చెప్పిన మాట. పోతన దీనిని అత్యంత రమణీయముగా తెనిగించెను గాని, తాను గుహలకు పోలేదు. ఆయన దీనినుండి గ్రహించినది చివరి యంశము. ధనమదాంధుల కొలువు వలదనునది. గృహస్థునకు చెల్లునది అదియే.

అష్టమస్కంధమున వామనుడు బలిని మూడడుగుల నేల మాత్రమే కోరెను. గ్రామములు, గజములు, తురగములు, రత్నములు కోరుకొమ్మని బలి బలవంతపెట్టినను, మూడడుగులతో తృప్తి పొందనివానికి సప్తద్వీపములతోను తృప్తి లేదని ఆయన సమాధానము. ఆ మూడడుగులే ముల్లోకముల నాక్రమించినవి గదా యని శంకింపవచ్చును. అది భగవల్లీల. ఉపదేశాంశము మాత్రము యాచకుని మితమునందే యున్నది. శుక్రాచార్యుడు వారించినప్పుడు, పూర్వరాజు లెవ్వరును సిరిని మూటగట్టుకొని పోలేదని బలి చెప్పిన సమాధానమును ఈ సందర్భమునకు పూరకమే.

దశమస్కంధమున కుచేలుని కథ మరింత సూక్ష్మమైనది. ఆకలిగొన్న బిడ్డలు అన్నము కొరకు తల్లిని వేడుచుండగా, ఆమె భర్తను కృష్ణుని కడకు పంపినది. పోతన ఆ ఇల్లాలిని ఎచటను నిందింపలేదు; ఉత్తమ పతివ్రతగా వర్ణించెను. బిడ్డల యాకలి అవసరము. దానిని తీర్చగోరుట లోభము కాదు. కుచేలుడు అడుగకయే వచ్చిన సంపదను త్రోసివేయలేదు, దానికి దాసుడును కాలేదు. విరాగచిత్తుడై భార్యతో అనుభవించెను. నవమస్కంధమున యయాతి కామోపభోగముచే కామము తీరక, నేతిచే అగ్నివలె వృద్ధి పొందునని అనుభవముచే తెలిసికొనెను. అదే స్కంధమున రంతిదేవుడు 48 దినముల ఉపవాసానంతరము లభించిన అన్నమును, చివరకు నీటిని కూడ ఆర్తులకే ఇచ్చెను. సంస్కృతభాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు చెప్పిన గృహస్థధర్మము వీనికన్నిటికి సూత్రప్రాయము. కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే దేహికి స్వత్వము. అంతకు మించినదానిని తనదనుకొనువాడు చోరుడు, దండనార్హుడు.

గ్రంథశైథిల్యము – ఉపసంహారము

భాగవతమును తన కంకితమీయలేదని కోపించి సింగభూపాలుడు గ్రంథమును భూమిలో పాతించె నని, కొంతభాగము చెదలు తినె నని జనశ్రుతి. రసార్ణవసుధాకర కర్తగా ప్రసిద్ధి గాంచిన వంశమునకు ఈ యపవాదమును అంటగట్టుటకు చారిత్రకాధారము లేదు. తాటాకుల సహజశైథిల్యము, ఆనాటి యుద్ధసంక్షోభము దీనికి చాలిన కారణములు. ఏది యెట్లున్నను, పంచమస్కంధమును బొప్పరాజు గంగనయు, షష్ఠస్కంధమును ఏర్చూరి సింగనయు, ఏకాదశ ద్వాదశ స్కంధములను పోతన ప్రియశిష్యుడగు వెలిగందల నారయయు పూరించిరి. రాజాస్థానపు భాండాగారమున చేరని గ్రంథమునకు ఈ నష్టము తప్పలేదు. స్వాతంత్ర్యమునకు పోతన చెల్లించిన మూల్య మిదియే. దీనిని గూర్చి మౌనము వహించుట న్యాయము కాదు.

కాని మిగిలిన భాగమును కాపాడినవారెవరు? రాజులు కారు. పల్లెలలోని గృహస్థులు, పురాణము చెప్పు పౌరాణికులు, వీధిబడులలో గజేంద్రమోక్షమును, ప్రహ్లాదచరిత్రను కంఠస్థము చేయించిన పంతుళ్లు, నిత్యము ఆ పద్యములను చదువుకొన్న స్త్రీలు. వ్రేళ్ల మీద లెక్కింపదగిన ఆంధ్రకావ్యములకే అక్షరజ్ఞానము లేనివారి నోళ్లలో స్థానము లభించినది. వానిలో భాగవతము మొదటిది. జగద్ధితమునకై సమర్పింపబడిన కృతిని జగత్తే పోషించినది.

పోతన పేదవాడని జాలిపడుటవలన గాని, మహావిరాగి యని నమస్కరించి దూరముగా నుంచుటవలన గాని ఆయన చరిత్ర ఫలింపదు. ఇల్లు, పొలము, పశువులు, భార్యాబిడ్డలు గల యొక గృహస్థుడు తన గాదె కొలతను తెలిసికొని, దానికి మించినదాని కొరకు తన వాక్కును అమ్మకొననని నిర్ణయించుకొనెను. శాస్త్రము యాత్రామాత్రమని చెప్పిన మేర ఇదియే. వస్తువులు పెరిగి, వానితో కోరికలు పెరిగి, కోరికలకే అవసరములను పేరు పెట్టుకొను కాలమున విద్య నేర్చువారును, నేర్పువారును మొదట కొలిచి చూచుకొనవలసినది తమ తమ గాదెలనే. బమ్మెర చేనుగట్టు ఆ కొలతకు గుర్తుగా నిలిచియున్నది.